కొన్న ఆటకు బడిన తాళము

వర్షాకాలమంతయు గర్జించి గోదావరీమండలమును బురదలో ముంచితేల్చిన మేఘసమూహము తన సంసారమును మూటగట్టుకొని సముద్రముమీదికి తరలిపోగా తోమిన కంచుపళ్లెమువలె తళతళలాడు శరదాకాశము క్రింద గట్టులొరసి పారు కాలువలకిరుప్రక్కల పొట్టకు వచ్చిన వరిచేలు ప్రభాతమందమారుతమునకు తలలూపుచుండెను. ఆనాడు మహానవమి. తణుకు పట్టణమున చక్రముగల ప్రతి బండియు నంచుగల ప్రతి పనిముట్టును స్నానమాడి బొట్టుపెట్టుకొని బంతిపూలదండలు దాల్చి పేరంటమునకు బయలుదేరిన ముత్తైదువలవలె నిలిచియుండెను. లారీల మూతులకు నిమ్మకాయలు, లేతుమిషనులకు గంధము, మంగలికత్తులకు సైతము కుంకుమ. ఏడాది పొడవునను మనుష్యుని తిట్లుతిన్న యినుము ఆ యొక్క దినము దేవతయై కూర్చుండెను.

అట్టి శుభోదయమున బస్సుస్టాండునకు వెనుకనున్న యిరుకువీథిలో విజయదుర్గా గేమింగ్ సెంటరను బోర్డుక్రింద లుంగీ పైకెగగట్టి కుంచె చేతబట్టి కంప్యూటరుల గర్భములలో పేరుకొన్న ధూళిని విదలించుచు తనలో దాను గొణుగుకొనుచున్న నడివయస్కు డొకడు కలడు. అతని పేరు కడలి త్రిమూర్తులు. ఎనిమిదవ తరగతిలోనే బడికి నమస్కారము పెట్టి టీవీలు బాగుచేయు దుకాణమున స్క్రూడ్రైవరు పట్టినవాడు. కంప్యూటరు ఆటలకు కుర్రకారు వెర్రెత్తిన తొలిదినములలో నందరివలెనే యతడును దొంగకాపీలు వేసియే దుకాణము నడిపెను. అందరును బాగుగనే యుండిరి, పట్టువడినవాడు మాత్రము త్రిమూర్తులు. పోలీసులు కంప్యూటరులను జీపులోనికెక్కించి వాని నడుమ నతనిని కూర్చుండబెట్టి పట్టపగలు నడిబజారు మీదుగా గొనిపోయిరి. కేసునైతే కోర్టు కొట్టివేసెను గాని బజారు చూచిన చూపును కొట్టివేయువారు లేకపోయిరి. నాటినుండి కూరగాయల యంగడి మొదలు పెండ్లిపందిరి వరకు నతడు "దొంగాటల త్రిమూర్తులు" అయ్యెను. కన్నకూతురి సీమంతమునకు వచ్చిన వియ్యాలవారి చుట్టమొకడు భోజనపంక్తిలో నా పేరుననే యతనిని పిలిచినపుడు విస్తరి ముందు కూర్చున్న త్రిమూర్తులు చేతిముద్ద దింపి లేచిపోయెను.

ఆ పేరును వదలించుకొనుటకే యతడు "ఉక్కుకోట" యను యుద్ధక్రీడను ప్రతి యంత్రమునకును వేరువేరుగా సీలుతో కూడిన డబ్బాలలో కొని తెచ్చెను. తెచ్చి తన నెత్తిమీద తానే కుంపటి పెట్టుకొనెను. ఏలయన దొంగలు దొంగిలింపకుండుటకై కంపెనీవా రా యాటలో నొక తాళపు ప్రోగ్రామును దాచియుంచిరి. గడపదాటినపుడెల్ల పెండ్లిశుభలేఖ చూపుమని యల్లుని నిలవేయు మామగారివలె నా తాళము ఆట నడుచుచున్నంతసేపును నీవెవ్వడవు, నన్ను కొంటివా, కొన్నవాడవు నీవేనాయని యంత్రమును వేధించుచుండెను. ఆ వేధింపునకు సమాధానములు చెప్పుకొనుటలోనే కంప్యూటరు యొక్క సత్తువ సగము హరించిపోగా యుద్ధభూమిలో భటుడెత్తిన కాలెత్తినట్లే గాలిలో నిలిచిపోవుచుండెను. విడిచిన గుండు శత్రువును చేరులోపల శత్రువు భోజనముచేసి వచ్చునంత యాలస్యమగుచుండెను. పెట్టెలలోని ఫ్యానులు బియ్యపుమిల్లువలె రొద చేయుచుండెను. త్రిమూర్తులు మెమొరీ పెంచెను. కొత్త ఫ్యానులు బిగించెను. ఏసీ పెట్టించెను. భటుడు కాలు దింపడయ్యెను.

ఎదుటివరుసలో నిట్టిదే దుకాణము నడుపు నతని బావమరది ఏడుకొండలు మాత్రము తాళమును పెరికివేసిన దొంగకాపీని వేసికొని గుమ్మమున కాలుమీద కాలువేసికొని కూర్చుండువాడు. అతని యంత్రములలో నదే యాట నూనెపూసిన యుయ్యెలవలె సాగుచుండెను.

"ఏం బావా, మీ సోల్జరు ఇంకా కాలు దింపలేదా? తిమ్మిరెక్కుద్దేమో పాపం, కాస్త జండూబామ్ రాయకపోయావా!"

"నోర్ముయ్‌రా కొండలూ. నీది కొట్టేసిన సరుకు. నాది కొన్న సరుకు."

"అదే కదా నేననేది. కొన్న పాపానికి కుంటుతోందంటాను."

ఇట్లుండగా పట్టణమందలి యొక కళాశాలలో వ్యాయామశిక్షకురాలగు సుభాషిణిగారు దసరా సెలవులలో విద్యార్థులకు ఉక్కుకోట పందెము పెట్టదలచి యోగ్యమైన దుకాణమునకై వెదకుచు త్రిమూర్తులు గుమ్మము త్రొక్కిరి. "నిఖార్సైన ఆటలుంటేనే పెడతానండి. పిల్లల్ని దొంగసరుకు మీద కూర్చోబెట్టి నేను కప్పు చేతికిస్తే రేపు నలుగురూ నన్నే అంటారు" అని యామె పలుకగా త్రిమూర్తులు డబ్బాలన్నియు బల్లపై పరచి చూపెను. ఆమె సంతోషించి మహానవమి యుదయము పదిగంటలకు ముహూర్తము పెట్టిరి. ఊరి పిల్లలును వారి తల్లిదండ్రులును చూచుచుండగా నొక కళాశాల పందెము తన కొట్టులో సవ్యముగా జరిగెనా, దొంగాటల యను నా దిక్కుమాలిన మాట తన పేరునుండి రాలిపోవునని త్రిమూర్తులు గంపెడాస పెట్టుకొనెను.

అందువలననే యా తెల్లవారుజామున పూజ నెన్నడు లేనంత నిష్ఠగా తలపెట్టెను. అతనికి టీవీపని నేర్పిన గురువు ఆయుధపూజనాడు దుకాణమందలి ప్రతి పెట్టెను విప్పి లోని సామానునంతయు కడిగి బొట్టుపెట్టి గాని మరల బిగించెడివాడు కాడు. త్రిమూర్తులకు నదే యాచారము. అందులకు తోడు భార్య నాగరత్నము పసుపుగిన్నె పట్టుకొని ప్రక్కనే నిలుచుండెను.

"పెట్టె మీద పైపైన బొట్టు పెట్టేస్తే పూజైపోద్దేంటండీ? లోపల సామానేం పాపం చేసింది? అయ్యే కదా మనకి కూడెట్టేది" అని యామె యనగా నతడు ప్రతి కంప్యూటరునుండియు డిస్కులను గ్రాఫిక్సు కార్డులను వెలికిదీసి ధూళి తుడిచి యరటియాకులమీద వరుసగా పరచెను. నాగరత్నము వాని యంచులకు చిటికెడేసి కుంకుమ నద్ది హారతి యిచ్చెను. పిదప త్రిమూర్తులు చేతికందిన సామానును చేతికందిన పెట్టెలో బిగించివేసెను. అన్నియు నొక్కయింటి బిడ్డలే గదా, ఎవరే మంచముమీద పరుండిన నేమి యని యతని భావము.

తాళపు భావము వేరు; ఏ పెట్టెలో నే సామానుండెనో యది గుర్తుంచుకొనియుండెను. మీట నొక్కినంతనే ప్రతి తెరమీదను ఉక్కుకోటకు బదులుగా నెర్రని ఫలకమొకటి వెలసి యీ యాట ననుమతిలేని యంత్రమున వాడుచున్నారని పలికెను. త్రిమూర్తులు కార్డులను మరల నూడదీసి యటుదిటు మార్చి చూచెను. మార్చినకొలదియు తాళమునకు కొత్త యంత్రము కొత్త దొంగ కనబడుచుండ తుదకది యొకదినము వరకు నెవ్వరు పిలిచినను పలుకనని తలుపులు బిగించుకొనెను. గోడగడియారమున నెనిమిది దాటెను.

అతడు కంపెనీవారి సహాయకేంద్రమునకు ఫోనుచేసెను. సంగీతము వినిపించిరి. మరల సంగీతమే వినిపించిరి. పండుగపూట సన్నాయి వినవలసిన చెవులతో నా టింగుటింగులు విని విని యతని పండ్లు నూరుకుపోవుచుండ నెట్టకేలకొక కోమలకంఠము మేల్కొనెను.

"సర్, మీ సిస్టంలో పార్టులు మారినట్టు చూపిస్తోంది సర్. ఒకే కాపీని చాలా సిస్టమ్స్‌లో వాడుతున్నట్టు అనుమానం సర్."

"ఏం అనుమానవమ్మా! పెట్టెలు నాయే, పార్టులు నాయే, ఆట నేను కొన్నదే. ఇయ్యాల ఆయుధపూజ తల్లీ! కడిగి బొట్టెట్టి మళ్లీ బిగించాను, అంతేగా!"

"సారీ సర్, పూజ అనే కారణం మా స్క్రీన్ మీద లేదు సర్."

"లేకపోతే రాసుకో! ఊరంతా చేసుకునే పండగ నీ స్క్రీన్ మీద లేకపోతే నేను దొంగనైపోతానా?"

"మీరు పర్మిషన్ ఇస్తే మా టీమ్ మీ సిస్టమ్స్‌లోకి వచ్చి చెక్ చేసి తాళం తీస్తారు సర్. అన్ని ఫైల్సూ చూడాలి సర్."

"అన్నీ అంటే?"

"అన్నీ సర్. ఆటవీ, మిగతావీ."

ఆటలు లేని యుదయవేళలలో త్రిమూర్తులా యంత్రములమీదనే వీథిజనులకు దరఖాస్తులు నింపి పెట్టువాడు. వితంతువుల పింఛను కాగితములును ఆధారుకార్డులును ఉద్యోగముల కర్జీపెట్టు నాడుపిల్లల ఛాయాచిత్రములును వానిలోనే యుండెను. చదువురాని యెంతమంది ముసలమ్మలు నీవే చూచుకో నాయనా యని తమ సమస్తమును నతని చేతిలో పెట్టి పోయిరో!

"నా సామాను సోదా చేసుకోండమ్మా, నా జేబులు తిప్పి చూసుకోండి. వీధి జనం కాగితాలు మీకెందుకు చూపించాలి?"

"సిస్టం వివరాలు మేం చూస్తామని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మీరు ఒప్పుకున్నారు సర్."

ఆట నెక్కించునాడు తెరమీద చీమలబారువలె దిగివచ్చిన యింగ్లీషు ముక్కల క్రింద తాను చదువక నొక్కిన యంగీకారపు మీట త్రిమూర్తులకు కండ్లకు కట్టెను. అతని గొంతు తగ్గెను.

"అంటే... ఇన్నాళ్లూ చూస్తానే ఉన్నారా?"

"ఆ వివరం నేను చెప్పలేను సర్. ఇంకేమైనా సహాయం కావాలా సర్?"

పోలీసులైనను తలుపుతట్టి లోనికి వచ్చిరి గదా యని యతడు వగచెను. తాను సొమ్మిచ్చి పిలుచుకొని వచ్చి నట్టింట కూర్చుండబెట్టిన యీ కావలివాడు తననే దొంగయని యనుమానించుటయు గాక యింటివారు నిద్రించుచుండ బీరువాలు తడవువాడయ్యెనా! అనుమతి యీయనని చెప్పి యతడు ఫోను బల్లమీద విసరెను. నాగరత్నము హారతిపళ్లెము పట్టుకొని యట్లే నిలుచుండిపోయెను.

"ఏవయిందండీ? నా పూజ వల్లేనా?"

"నీ పూజ వల్ల కాదే. నా బుద్ధి వల్ల."

తొమ్మిదిగంటలు దాటినపిమ్మట వీథిని దాటి ఏడుకొండలు వచ్చెను. ఆనాడతని మోమున వెక్కిరింత లేదు. అరచేతిలో నొక చిన్న పెన్‌డ్రైవుండెను.

"తాళం తీసేసిన ఉక్కుకోట బావా. అన్నిట్లో ఎక్కించడానికి అరగంట చాలు."

"పట్టుకుపో అవతలికి."

"ఆట కొన్నావు కదా నువ్వు? కొన్నాక ముందు గుమ్మంలోంచి పోతే ఏంటి, దొడ్డి గుమ్మంలోంచి పోతే ఏంటి?"

"నన్ను జీపెక్కించిన రోజు ఎక్కడున్నావురా నువ్వు, దొడ్డి గుమ్మం కబుర్లు చెప్తున్నావు!"

"మీ ఇంట్లోనే ఉన్నాను బావా. అక్క ఏడుస్తా కూర్చుంటే పొయ్యి నేనే ముట్టించాను. ఇయ్యాల కూడా ముట్టించమంటావా?"

త్రిమూర్తులు వీథివైపు చూచెను. సుభాషిణిగారి స్కూటరు మలుపు తిరుగుచుండెను. ఆమె వెనుక సైకిళ్లమీదను మోటారుసైకిళ్లమీదను జట్టుబనియనులు తొడిగిన విద్యార్థులు, వారి వెనుక ప్లాస్టికు కుర్చీలు మోసికొనుచు చూడవచ్చిన జనము. తెరలమీద నెర్రని ఫలకములు. ఇప్పుడు పందెము జరుగదని చెప్పినచో నీ జనమేమనును? కొనలేదు, డబ్బాలు చూపి బొంకెను, దొంగాటల వాడు దొంగాటల వాడేయని యనదా? నిజము చెప్పి దొంగయనిపించుకొనుట, దొంగసరుకు వేసి దొరయనిపించుకొనుట. ఈ రెండును తప్ప మూడవ త్రోవ యా యుదయమున దైవము చూపదయ్యెను. అతడు కంపెనీవారు తొంగిచూడకుండ మున్ముందుగా నింటర్నెట్టు తీగెను గోడనుండి పెరికివేసెను. పిదప బావమరది యరచేతినుండి పెన్‌డ్రైవును తీసికొనెను.

కరెంటు సరిగా లేదను నెపమున జనమును కొంతసేపు వీథిలో నిలిపి పందెము మొదలిడిరి. ఏమి చెప్పవలెను! తాళపు పీడ విరుగడైన ఉక్కుకోట చెరవిడిచిన సింహమువలె లంఘించెను. ఇంతకాలము గాలిలో కాలెత్తి తపస్సుచేసిన భటులు పరుగులు తీసిరి. గుండ్లు చూచినచోట తగిలెను. బియ్యపుమిల్లు రొద మానిన ఫ్యానులు పసిబిడ్డలవలె చల్లగా నూపిరి తీయుచుండెను. కుర్రవాండ్రు కేకలు పెట్టిరి. కుర్చీలమీదికెక్కి పెద్దలు కేకలు పెట్టిరి. తాను చెమటోడ్చి కొన్న దానికి లేని జవము దొంగిలించిన దానికుండుట కన్నులార చూచుచు త్రిమూర్తులు గోడ కానుకొని నిలిచెను.

ఆటలు ముగిసి గెలిచిన జట్టునకు కప్పిచ్చిన పిమ్మట సుభాషిణిగారు లేచి నిలుచుండి యెల్లరును వినునట్లు పలికిరి. "చూశారా? కొన్న ఆట అంటే ఇలా ఉంటుంది! ఒక్కసారైనా ఆగిందా? ఇకనుంచి ఏటా మన పందెం ఈ షాపులోనే. ఈయన్ని ఎవరైనా ఏమైనా అంటే నా దగ్గరికి పంపండి, నేను చెప్తాను సమాధానం."

జనము చప్పట్లు కొట్టెను. ఏ మాటకై త్రిమూర్తులు యేండ్లతరబడి చెవులు రిక్కించుకొని యుండెనో యా మాట చెవినపడినపుడతడు చేయెత్తి చప్పట్ల నాపెను.

"మేడమ్‌గారూ, అది కాదండీ. ఇప్పుడాడింది కొట్టేసిన ఆటండీ. నేను కొన్నది తాళం పడి కూర్చుందండీ."

గెలిచిన జట్టు నాయకుడు మొదట నవ్వెను. అతని వెంట నెల్లరును నవ్విరి.

"బాబాయ్ మామూలోడు కాదండోయ్! కొన్నది ఆడదంట, కొట్టేసింది ఆడుద్దంట!"

"నిజమేనండీ బాబూ, నేనే తెచ్చిచ్చాను" అని ఏడుకొండలు సైతము ముందునకు వచ్చి సాక్ష్యము పలికెను. అంతట నవ్వు రెట్టించెను. సుభాషిణిగారు కన్నులు తుడుచుకొనుచు "బావా బావమరుదులు ఇద్దరూ సరిపోయారు" అనిరి.

ఇట్లు సత్యముగా కొనినపుడు యంత్రముచేత దొంగయనిపించుకొని, దొంగతనము చేసినపుడు జనముచేత సత్యవంతుడనిపించుకొని, ఉన్నమాట చెప్పినపుడు హాస్యగాడనిపించుకొన్న యా మనుష్యునికి లోకముతో వాదించు నోపిక యడుగంటెను. దొంగను పట్టుటకై కల్పించిన కావలి దొంగ నెరుంగక సొమ్మిచ్చినవాని మెడనే పట్టుకొనుచున్నంతకాలము నీతిమార్గమున నడువగోరు వానికి దొడ్డిత్రోవయే రాచబాటగా కనబడుచుండును. అందు తప్పెవ్వరిదని యడిగినచో నెవ్వరి స్క్రీనుమీదను సమాధానముండదు.

కళాశాలవారు ఫొటో తీయుదుమనిరి. త్రిమూర్తులను నడుమ నిలిపి తాళముపడిన యుక్కుకోట డబ్బా నతని చేతికిచ్చి ఱొమ్మునకెదురుగా పట్టుకొనుమనిరి. "నవ్వండి బాబాయ్!" అని యెవ్వరో యరచిరి. అతడు నవ్వలేదు; తలవంచుకొనెను. ఆ ఫొటోను కళాశాల గోడమీద చూచినవారందరును, మంచివాడు గనుకనే పొగిడినపుడు సిగ్గుపడినాడని చెప్పుకొందురు.