మనిషికి ఒక గంప

తోడికోడలు నాగరత్నమ్మను చూస్తే తిరుమలమ్మకు ఒళ్ళు మండేది. ఎందుకని అడిగితే ఫలానా కారణమని చెప్పలేకపోయేది. పొలం పంచుకున్నప్పుడు ఇద్దరికీ ఒకే బావి నీళ్ళు, ఒకేలాంటి నేల వచ్చాయి. ఇద్దరూ వంకాయలూ కొత్తిమీరా వేస్తారు. ఇద్దరూ పొద్దున్నే పాకాల నుంచి వచ్చే బస్సులో తిరుపతి మార్కెట్టుకు గంపలు తీసుకుపోతారు. అయినా నాగరత్నమ్మ సరుకే ముందు అమ్ముడుపోతుంది. కండక్టరు ఆమెనే నవ్వుతూ పలకరిస్తాడు. ఆఖరికి అత్తగారు కూడా మంచాన పడ్డాక చిన్నకోడలి చేతి గంజే కావాలంది. పెద్దకోడలి గంజిలో ఏం విషం కనపడిందో ఆ మహాతల్లికే తెలియాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ గంపలకే ముప్పు వచ్చింది. పల్లె బస్సుల్లో సామాన్ల గురించి కొత్త మార్గదర్శకాలు తెస్తున్నామనీ, పొద్దుటి బస్సుల్లో గంపలు ఎక్కించకూడదన్నది అందులో ఒకటనీ, ఖాయం చేసే ముందు జనం మాట వింటామనీ రవాణా అధికారులు ఊరూరా చాటింపు వేయించారు. సభ పాకాలలో, ఒక కల్యాణమండపంలో. బస్సు లేకపోతే వచ్చిన డబ్బంతా ఆటో బాడుగకే చాలదు. మొగుడు పోయాక తిరుమలమ్మ ఇల్లు నడిచేది ఆ గంపల మీదే.

అందుకే ఆమె ఏం మాట్లాడాలో ముందుగానే అనుకుంది. కొత్తిమీర కట్టలు కడుతూ నాగరత్నమ్మకు వినిపించింది కూడా.

"గంపలు వద్దంటే సరే సార్. రేపట్నించి తిరుపతోళ్ళ చారులోకి కొత్తిమీర యాడ్నించి వస్తాదో అది కూడా ఆ కాగితంలోనే రాసేయండి అంటా. ఎట్లుండాది?"

"బలే ఉండాదక్కా. నువ్వే సెప్పాల," అంది నాగరత్నమ్మ.

సభలో వేదిక మీద అధికారి కూర్చున్నాడు. ముందు కుర్చీల్లో రోజూ తిరుపతికి ఉద్యోగాలకు పోయేవాళ్ళు, వెనక చాపల మీద గంపలవాళ్ళు. గంపలవాళ్ళ వంతు రాగానే మైకు తిరుమలమ్మ చేతికే వచ్చింది. అది ఒకసారి కుయ్యిమంది. అంతే, చారు గుర్తులేదు, కొత్తిమీర గుర్తులేదు. మైకు తీసి పక్కనున్న నాగరత్నమ్మ చేతిలో పెట్టేసింది.

నాగరత్నమ్మ కొంగు సర్దుకుని లేచి ఆ మాటే చెప్పింది. ఒక్క ముక్క పోలేదు. మండపమంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. అధికారి కూడా నవ్వి, "నీ పేరేంటమ్మా?" అని అడిగి, గంపలు వద్దన్న నిబంధన కొట్టేయమని గుమాస్తాకు చెప్పాడు. పేపరు విలేకరి పరుగున వచ్చి ఫొటో తీశాడు.

గంపలు బతికాయి. ఇంటికి పోయి హాయిగా నిద్రపోవలసిన సంగతి. తిరుమలమ్మకు అది తట్టనే లేదు. మాట నాది, ఫొటో దానికా! నాగరత్నమ్మ ఆమె వైపు చెయ్యి చూపిస్తూ విలేకరితో ఏదో అంటోంది కానీ, ఆ చప్పట్లలో ఏం వినపడుతుంది? ఆ చెయ్యి తిరుమలమ్మకు ఎగతాళిలా కనపడింది.

"సార్!" అని అరిచింది. ఈసారి మైకు అక్కర్లేకపోయింది. "మాటలు బాగానే సెప్తాది సార్. ఎన్ని గంపలు ఎక్కిస్తాదో అది కూడా అడగండి. మూడు! జనం కాలు పెట్టేదానికి చోటుండదు!"

ముందు వరసలో ప్రయాణికుల సంఘం పెద్ద రాజారత్నం ఎగిరి లేచాడు. "ఇన్నారా సార్? మేం సెప్తే పేదోళ్ళ మీద పడ్తా ఉండామంటారు. ఇప్పుడు వాళ్ళే సెప్పినారు. మనిషికి ఒక గంప అని పెట్టండి."

"గంపలామె చెప్పిందే కదా. అందరికీ సమ్మతమేనా?" అన్నాడు అధికారి.

కుర్చీల్లో చేతులన్నీ లేచాయి. చాపల మీద ఒక్కరూ కదల్లేదు. అందరూ తిరుమలమ్మనే చూస్తున్నారు. తనకూ రెండు గంపలున్నాయని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

కొత్త నిబంధన అమల్లోకి వచ్చిన రోజు కండక్టరు గిరి బస్సు మెట్ల దగ్గరే ఆమెను ఆపాడు. "ఒకటి దించు పెద్దమ్మా. ప్రజల సూచన మేరకు అని రాసినారు. నేనేం సేసేది?"

వంకాయలు దించితే రాబడి లేదు. కొత్తిమీర దించితే మధ్యాహ్నానికి గడ్డి. తిరుమలమ్మ అలాగే నిలబడిపోయింది.

నాగరత్నమ్మ అప్పటికే ఎక్కింది. తిరుపతిలో బట్టల షాపుకు పోయే కోడలు కోమలిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల లెక్కలో రెండో గంప కూడా ఎక్కించింది. నాగరత్నమ్మ కిటికీలోంచి ఒకసారి కిందికి చూసింది.

"కోమలీ, మన రెండో గంప దించు. కిందే ఉండాడు కదా మీ మామ, ఇంటికి తీసుకుపోతాడులే. మనవి వంకాయలే కదా, రేపటికి ఆగుతాయి. అక్కది కొత్తిమీర, ఆగదు. నీ లెక్కలో అది ఎక్కించు."

గంప దిగింది, గంప ఎక్కింది. బస్సు కదిలింది.

"అక్క అంత సేసినా సూడు, ఈమెది ఎంత మంచి మనసో," అంది వెనక సీట్లో ఒకామె. బస్సంతా ఔనంది.

తిరుమలమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత సుఖంగా ఉండేది! ఇప్పుడు ఈ మంచి పేరు కూడా నాగరత్నమ్మకే పోయింది. మోసుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది తనే.