సన్యాసమ్మ చేమిరి

పాలు కాచవలయును, చిటికెనవ్రేలు ముంచిన నోర్వగలిగినంత వేడికి జల్లార్పవలయును, చేమిరి, అనగా తోడు, కలిపి కుండకు గోనెగుడ్డ చుట్టవలయును, మరునాటికై గరిటెడు పెరుగు దీసి దాచవలయును. సన్యాసమ్మ బ్రతికియున్నన్నాళ్లు ప్రతిసాయంకాలమును జేసిన యీ పనులను, ఆమె గతించిన పిదప కూతురు నూకరత్నము ఊరనున్నన్నాళ్లు ఒక్కపూటయైన దప్పక చేయుచు వచ్చెను.

అది హేమంతము. మాడుగుల కొండల శిఖరములనుండి జాలువారు మంచు వలిసెపూల చేల పసుపుదనమును గప్పివేసి మేతనుండి మరలు పశువుల గిట్టల ధూళితో గలసి వీథులయందు ధూమ్రవర్ణ యవనికవలె వ్రేలాడుచుండగా నూకరత్నము పాలకుండ యెదుట జేతులు ముడుచుకొని కూర్చుండియుండెను. నిన్న కలిపిన చేమిరి నేటి సాయంకాలమైనను పాలను పేరుకొనజేయలేదు. పాలు పాలుగానే నిలిచియుండెను.

ఆమె తన వంశమున విశ్వవిద్యాలయ పట్టము నందిన మొదటి మనిషి. పట్టణమునందలి పాల పరిశోధనాలయమున సూక్ష్మజీవులను బరీక్షించుట యామె యుద్యోగము. శిక్షణకై కొన్ని వారములు దూరదేశమునకు బోవలసివచ్చినప్పుడు, తల్లినాటి చేమిరి చెడిపోవునని బెంగపడి, పెరుగునందలి జీవులను వేరుపరచి శుద్ధజలముతో మరల మరల గడిగి మంచుపెట్టెలో దాచెను. తల్లి సొత్తునకు మలినమంటరాదని యామె కోరిక. నిన్న తిరిగివచ్చి దానినే పాలలో గలిపెను; ఆ శుచిత్వమే చేటాయెను.

ఏలయన, ఆ జీవిని గప్పియుండు పలుచని పొర రెండు వరుసల కొవ్వుతో అల్లబడినది. కొవ్వు అణువులలో నీటిని కోరు తలలు వెలికిని లోనికిని జూచుచుండ, నీటిని రోయు తోకలు నడుమ నొండొంటి నంటియుండును. అందందు మాంసకృత్తులు ద్వారపాలకులవలె నిలిచి పాలలోని చక్కెరను లోనికి బిలిచి పులుపును వెలికి బంపుచుండును. ఆ రాకపోకలున్నంతవరకే దానికి బ్రతుకు. చలికి నేయివలె నా పొర బిగుసుకొనును; పాలలోని గట్టిపదార్థములు చెంతనున్నయెడల కొంత కాచును; వట్టినీటనైనచో మంచుసూదులు దానిని జీల్చును, లోపలిది వెలికి గారిపోవును. నూకరత్నమునకు దెలియనిది కాదు. ప్రేమవలన మరచెను.

ఆ పెరుగు నాలుకకు అంటినంతసేపు తల్లి వంటింట నున్నట్లే యుండెడిది. ఇక నది లేదు. అంతలో, అడిగినవారికెల్ల సన్యాసమ్మ చేమిరి పోయుచుండెడి సంగతి స్మరణకు రాగా, నూకరత్నము ముంత చేతబట్టుకొని యెదురింటి యెర్రయ్యమ్మ గుమ్మము చేరెను.

“అత్తా, మా అమ్మ పోసిన చేమిరి నీ కుండలో ఉందేటి? నాది సచ్చిపోనాది.”

“ఓలమ్మీ! పట్నంలో ఉజ్జోగం సేత్తన్న గుంటవి, పెరుగు సంపీసినావేటే?” యని నవ్విన యెర్రయ్యమ్మ, పిల్ల మొగము చూచి నవ్వు మానెను. “ఉందే. అదే ఇప్పటికీ తోడెడతన్నాను. అయితే దీపాలెట్టీసినాను గదే. ఈ యేల పెరుగిత్తే లచ్చిమి ఎలిపోద్ది. రేపొద్దున్న రా.”

నూకరత్నము కదలలేదు. “పొద్దున్నకి ఉంటాదా అత్తా?”

ఎర్రయ్యమ్మ దీపము వంక జూచెను. పిల్ల వంక జూచెను. పిమ్మట లోనికి బోయి కుండ దెచ్చి గడపమీద బెట్టి మొగము ప్రక్కకు ద్రిప్పుకొనెను.

“నానియ్యనమ్మా. అది మీ యమ్మది. నీది నువ్వే ముంచుకో.”

మరునాటి యుదయమున పెరుగు గడ్డగా బేరుకొనియుండెను. నూకరత్నము ఒక ముద్ద నోటనిడుకొని కన్నులు మూసికొనెను. ఆ పులుపు వచ్చెను; తల్లి రాలేదు. అయినను ఆమె చాలసేపు కన్నులు తెరవలేదు. పిదప లేచి, వీథిలో మరి రెండిండ్లకు గరిటెడేసి పోసి వచ్చెను.

చదువరులారా, పదిలముగా మూసి దాచినది నశించినది. గడపలు దాటినది నిలిచినది. మీ యింట పాలు పేరుకొనిన యుదయమున, అడిగినవారికి లేదనని సన్యాసమ్మను ఒక్కమారు తలచుకొనుడు.