నారుమడి రంగు

పాత కారు లోపల ఒక వాసన ఉంటుంది.

కొబ్బరి పీచు, మగ్గిన రెగ్జిన్, ఎప్పుడో ఒలికిన పెట్రోలు... ఎండాకాలం తలుపు తీయగానే వేడిగా మొహాన కొడుతుంది.

ప్రేమానందానికి ఆ వాసన ఇష్టం. పన్నెండేళ్లుగా అదే అతనికి అన్నం పెడుతోంది.

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర కార్ల సీట్లు కుట్టే కొట్టు అతనిది. ఆ బుధవారం మాత్రం పనిసంచి భుజాన వేసుకుని నందిగామ వచ్చాడు. రాఘవమ్మ గారింటికి. ఆ ఇంటి నుంచి కబురొస్తే రాకుండా ఉండలేడు. అతనికి పని నేర్పించింది ఆ ఇల్లే.

ఎనభై మూడు, మే నెల. వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు.

షెడ్డులో కారు. నల్లటి కారు. ఆమె భర్త దశరథరామయ్య గారు ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే నడుపుకున్న కారు. ఆయన పోయి రెండేళ్లయింది. కొడుకు భవానీప్రసాద్ దాన్ని అమ్మేస్తున్నాడు. పాత కార్లంటే ముచ్చటపడే హైదరాబాదు ఆసామి ఒకాయన శుక్రవారం చూడటానికి వస్తున్నాడు.

ఈలోపు లోపల ఊడినవన్నీ బిగించాలి.

ఊడనిది లేదు. పైకప్పు గుడ్డ పొట్టలా జారింది. అంచు పట్టీలు వేలాడుతున్నాయి. తలుపులకు లోపలివైపు ఉండే రెగ్జిన్ అట్టలు సగం మేకుల మీద, సగం గాలిలో.

ప్రేమానందం ఎడమవైపు ముందు తలుపుతో మొదలుపెట్టాడు. తలుపు అంచు చెక్కపట్టీలోంచి మిగిలిన మేకులు ఒక్కొక్కటీ పీకాడు. అట్ట చేతికొచ్చింది. దాని వెనక రేకు మీద ఏళ్లనాటి దుమ్ము. తడిగుడ్డతో తుడిచాడు.

పచ్చ.

లేత పచ్చ. నీళ్లలో నిలబడ్డ నారుమడి పచ్చ.

బయటంతా నలుపు... అట్ట కింద పచ్చ.

గుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

నారుమడి రంగు — ఆ మాట అతనిది కాదు. వాళ్లమ్మ ఆరోగ్యమ్మది.

డెబ్భై ఒకటిలో, చిల్లకల్లు దాటాక, మునిమాపువేళ, అతని తండ్రి జ్ఞానయ్యను ఒక కారు గుద్ది చంపింది. ఆగలేదు. పదడుగుల వెనక గడ్డిమోపుతో ఆరోగ్యమ్మ. మోపు పడేసి పరుగెత్తింది. తల ఎత్తేసరికి కారు వెనక భాగమే కనిపించింది. తర్వాత వచ్చినవాళ్లు నంబరు చెప్పమన్నారు. ఆమెకు అంకెలు చదవడం రాదు. రంగు చెప్పింది. నారుమడి రంగు అంది. అడిగిన ప్రతివాళ్లకీ అదే మాట. కొన్నాళ్లకు అడిగేవాళ్లు లేకుండా పోయారు.

మూడు నెలల తర్వాత దశరథరామయ్య గారు కబురు పెట్టారు.

పదహారేళ్ల ప్రేమానందాన్ని బెజవాడ పంపి, కార్ల సీట్ల పనిలో పెట్టించారు. ఎందుకు? వాళ్లు ఆయన పొలంలో పనిచేసినవాళ్లు కారు. ఆయన ఊరివాళ్లు కారు. ఊళ్లో అందరూ మహానుభావుడన్నారు. ఆరోగ్యమ్మ ఏమీ అనలేదు. ఆ ఇంటి గడప మాత్రం ఎన్నడూ తొక్కలేదు.

పన్నెండేళ్లలో ప్రేమానందం ఆ 'ఎందుకు' దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

ఇప్పుడు ఆగాడు.

వేలి కణుపుతో ఎడమ మడ్‌గార్డు మీద తట్టాడు. రేకు మోత కాదు. మొద్దు చప్పుడు. లోపల సొట్ట పూడ్చిన లప్పం. ఏ పాత కారుకు లేదు లప్పం? తనకు తానే చెప్పుకున్నాడు. పచ్చ కార్లు ఎన్ని లేవు ఆ రోడ్డు మీద?

అయినా ఇంకోసారి తట్టాడు.

మధ్యాహ్నం పనిమనిషి రత్తయ్య మజ్జిగ తెచ్చాడు. ముసలాడు. ఆ ఇంట్లోనే జుట్టు నెరిసినవాడు. ఈ నల్లరంగు ఎప్పుడు వేయించారని ప్రేమానందం మామూలుగా అడిగాడు. అమ్మాయిగారి పెళ్లికి ముందు పెద్దయ్యగారే బెజవాడ తీసుకెళ్లి వేయించుకొచ్చారని రత్తయ్య మామూలుగానే చెప్పాడు.

ప్రేమానందం మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. ఆ పెళ్లి అతను బెజవాడ వెళ్లిన ఏడే.

పెళ్లికి... నల్లరంగు?

పసుపు బట్టకు నల్లచుక్క అంటితేనే మార్చుకునే ఇల్లది.

సాయంత్రం రాఘవమ్మ గారు పని చూడటానికి షెడ్డు దాకా వచ్చారు. ఆమెనూ అడిగాడు. అడిగేటప్పుడు మొహంలోకి చూడలేదు. పట్టీకి బంక రాస్తూ అడిగాడు.

"అమ్మగారూ, ఈ కారు మొదట్లో ఏ రంగండీ?"

"నలుపే. కొన్నప్పట్నుంచీ నలుపే."

ఆలోచించలేదు. గుర్తుచేసుకోలేదు. ఆ జవాబు ఎప్పట్నుంచో నాలుక మీదే ఉన్నట్టు వచ్చింది.

ఎడమ తలుపు అట్ట గోడకు ఆనించి ఉంది. పచ్చరేకు ఎదురుగానే ఉంది. ఆమె దాన్ని చూశారు. చూడనట్టు లోపలికి వెళ్లిపోయారు.

ప్రేమానందం పైకప్పు గుడ్డ లాగి బిగించాడు. పట్టీలు అతికించాడు. మూడు తలుపుల అట్టలు వరసగా కొట్టాడు. కోపంలో కూడా అతని మేకు వంకర పోలేదు. నాలుగో తలుపు — ఆ ఎడమ తలుపు — అలాగే వదిలేశాడు. సన్నమేకులు అయిపోయాయని, పొద్దున్నే తెచ్చి బిగిస్తానని రత్తయ్యతో చెప్పాడు.

సంచిలో గుప్పెడు మేకులు గలగలమన్నాయి. రత్తయ్య విన్నాడో లేదో.

ఇంటికి వెళ్లేసరికి ఆరోగ్యమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. రేపు తనతో నందిగామ రమ్మన్నాడు. ఒక కారు చూడాలన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. చెబితే ఆ రంగు తాను చూపించినట్టవుతుంది... ఆమెకై ఆమె చూడాలి.

చాట ఆగింది. ఎవరింట్లో అని ఆమె అడగలేదు. కాసేపటికి మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

గురువారం మొదటి బస్సుకే వచ్చారు. చిల్లకల్లు దాటుతుంటే ఆమె కిటికీ వైపు తిరగలేదు. ఎప్పుడూ తిరగదు.

షెడ్డులో కారు నాలుగు తలుపులూ మూసి ఉన్నాయి.

ప్రేమానందం ఎడమ తలుపు తీశాడు.

అట్ట బిగించి ఉంది.

రెండంగుళాల మేకులు. తలుపుచెక్కలకు కొట్టేవి. ఒకటి వంగింది, ఒకటి రెగ్జిన్‌ను చీల్చింది. అంచు వెంబడి అంగుళం ఖాళీ లేకుండా కొట్టారు — చీకట్లోనో, తొందరలోనో, వణికే చేత్తోనో. నిన్న అతను కొట్టిన మూడు తలుపుల పక్కన ఆ తలుపు గాయంలా ఉంది.

రత్తయ్య గేటు దగ్గర నేల చూస్తున్నాడు.

రాఘవమ్మ గారు వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"అది అయిపోయిందిలేరా. ఇంక నువ్వెళ్లు."

"ఎవరు కొట్టారండీ?"

ఆమె చూపు అతని మీద లేదు. అతని వెనక నిలబడ్డ మనిషిని చూస్తున్నారు. నేతచీర, నెరిసిన జుట్టు, చెప్పుల్లేని కాళ్లు.

"ఎవరామె?"

"మా అమ్మండి."

రాఘవమ్మ గారు లేచి నిలబడ్డారు.

ఆ వీధిలో ఎవరు చూసినా నమ్మరు. ఆ గుమ్మంలోకి కూలికి వచ్చిన మనిషి కోసం ఆమె ఏనాడూ కుర్చీ వదల్లేదు. అది మర్యాదా? భయమా? ప్రేమానందానికి అర్థం కాలేదు. ఆమె చెయ్యి మాత్రం కుర్చీ అంచును వదలలేదు.

ఆరోగ్యమ్మ ఆవిడకేసి చూసింది. చాలాసేపు. నమస్కారం పెట్టలేదు. తర్వాత కారు వైపు నడిచింది. నల్లటి మడ్‌గార్డు పక్కగా వచ్చింది. తెరిచిన తలుపు ముందు ఆగింది. ఆ మేకుల మీద అరచేయి ఆనించింది. ఒక్కో తలనూ తడుముతూ... ఒకటి, రెండు, మూడు...

"పీకు నాయనా."

గొంతు పెంచలేదు. ఇంట్లో మంచినీళ్లు అడిగినట్టే అంది.

ప్రేమానందం మోకాళ్ల మీద కూర్చున్నాడు. సంచిలోంచి పటకారు తీశాడు. మొదటి మేకు కీచుమంటూ వచ్చింది. రెండోది రెగ్జిన్‌ను ఇంకాస్త చీల్చుకుని వచ్చింది. మూడోదాన్ని పట్టుకుని, అతను వసారా వైపు తల తిప్పాడు.

ఆమె వద్దంటారేమోనని చూశాడు.

ఒక్క మాట, వద్దురా అంటే — పన్నెండేళ్లు ఆ ఇంటి మాట విన్న చెయ్యి — ఆగిపోయేదేమో.

ఆమె వద్దనలేదు.