పొయ్యి లేని వాటా

ఇల్లు పంచుకున్నప్పుడు వంటిల్లూ, గ్యాసు పొయ్యీ అక్క వాటాకి వెళ్ళాయి. ముందుగదీ, ఫ్రిజ్జూ, మైక్రోవేవూ మాకు మిగిలాయి. గాలాడని ఆ గదిలో ఇంకో పొయ్యి పెట్టే వీల్లేదు.

అక్క అంటే నా తోడికోడలు. గొడవ ఉప్పు దగ్గర మొదలైంది. చుట్టాలందరి ముందూ నా కూర నోట్లో పెట్టుకుని, "దీని చేతికి ఉప్పు కొలత తెలీదు" అంది. ఒక్క మాటకి నేను పది అన్నాను. అన్నదమ్ములిద్దరూ బాగానే మాట్లాడుకునేవారు. మేమిద్దరమే మానేశాం.

పౌరుషానికి పోయాను గానీ, పొయ్యి లేని వంట నాకేం తెలుసు? మొదటిరోజు గుడ్డు పెంకుతోనే మైక్రోవేవ్‌లో పెట్టాను. ఢామ్మని పేలి లోపలంతా పూసుకుంది. బియ్యానికి మూత బిగిస్తే గంజి పొంగి కిందికి కారింది. దెబ్బ తగిలితే గానీ బుద్ధి రాదు కదా, మెల్లగా దారికొచ్చాను. బియ్యం ముందే నానాలి, గిన్నె లోతుగా ఉండాలి, సగంలో ఆపి కలపాలి. బంగాళాదుంపని ఫోర్కుతో అక్కడక్కడా గుచ్చాలి. ఆదివారం ఉడికించినవి డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడితే సగం వారం గడిచేది. మా ఆయన ఏం పెట్టినా నోరెత్తకుండా తినేవాడు. ఆ మంచితనానికే నాకు ఒళ్ళు మండేది.

ఎంత చేసినా దేనికీ వేగిన రుచి వచ్చేది కాదు. గోడ అవతల అక్క ఉల్లిపాయలు వేయిస్తుంటే, ఆ వాసనకి నా పళ్ళెంలో అన్నం ఇంకా చప్పగా అనిపించేది.

అత్తయ్య అక్క వాటాలో ఉండేది. ఆవిడ ఇన్సులిన్ మాత్రం నా ఫ్రిజ్‌లో ఉండేది. రోజూ పొద్దున్నే అక్క వచ్చి, నా ముఖం చూడకుండా ఫ్రిజ్ తెరిచి సీసా తీసుకెళ్ళేది. సూది వేశాక తెచ్చి అక్కడే పెట్టేది. పోతూ పోతూ నా డబ్బాలన్నీ ఓ చూపు చూసేది. చూడు, బాగా చూడు అని మనసులో తిట్టుకునేదాన్ని.

ఒకరోజు సీసా పక్కన చిన్న డబ్బా కనిపించింది. మూత తీస్తే ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు. నోరూరింది, ఆ వెంటనే కోపం వచ్చింది. నా మీద జాలా? మూత పెట్టేశాను. మర్నాడు అక్క చూసింది, వెనక్కి తీసుకోలేదు. నేనూ ముట్టలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో రాజులెవరూ లేరు, మొండివాళ్ళం మాత్రం ఇద్దరం.

ఆ వారంలోనే అత్తయ్య నిద్రలో పోయింది.

ఇద్దరం ఏడ్చాం, చెరో మూలా. చుట్టాలంతా వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న ఫ్రిజ్ తెరిచాను. సీసాలో ఇంకా సగం మందుంది. పారేద్దామని తీసి, చేతులు రాక మళ్ళీ అక్కడే పెట్టాను. ఇక అక్కకి ఈ గదిలోకి వచ్చే పని లేదు. మా మధ్య మిగిలిన దారి ఆ సీసా ఒక్కటేనని అప్పుడు తెలిసింది. భయమేసింది.

అంతలో అక్క వచ్చింది. అలవాటైన కాళ్ళు తీసుకొచ్చాయి. ఫ్రిజ్ తెరిచి సీసా చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది ఆమెకి. అలాగే నిలబడిపోయింది.

"మీ బావగారు కొత్త ఫ్రిజ్ కొంటానన్నారు," అంది సీసా వైపే చూస్తూ. "అత్తయ్యే వద్దంది. నా మందు చిన్నదాని దగ్గరే ఉండనీ, రోజూ నువ్వే వెళ్ళి తీసుకురా అంది."

ఎవరి పక్షమూ మాట్లాడలేదని ఇన్నాళ్ళూ నేను అత్తయ్య మీద కూడా అలిగే ఉన్నాను.

ఉల్లిపాయల డబ్బా బయటికి తీశాను. రాత్రి మిగిలిన అన్నంలో కలిపి, కాసిని నీళ్ళు చల్లి మైక్రోవేవ్‌లో పెట్టాను. గిన్నె తిరుగుతున్నంతసేపూ ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. మొదటిసారి నా గిన్నెలోంచి వేగిన ఉల్లి వాసన వచ్చింది. ఒకే పళ్ళెంలో పెట్టాను.

అక్క ఒక ముద్ద తిని ఆగింది. బెదురుగా నా వైపు చూసింది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. బాగుంది."

"ఉప్పు చాల్లేదా?"

తలొంచుకుంది. లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"నువ్వే వెయ్యి," అన్నాను.