పిలిస్తే వినపడేంత దూరంలో

"గడియ పెట్టుకో. ఇంటి నిండ మొగోళ్లున్నరు," అంది అత్తగారు అండాలమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ, తలైనా ఎత్తకుండా.

వేదవతి గడియ పెట్టుకుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె పగటిపూట గడియ పెట్టుకోగలిగిన చోట్లు రెండే రెండు. ఒకటి స్నానాల గది. రెండోది ఈ మధ్యనే దొరికిన వెనకవైపు చిన్నగది. ఒక పక్క బియ్యం బస్తాలు, ఇంకో పక్క పాత పరుపులు, ఆ మధ్యలో నీలంరంగు గుడ్డ గూడారం. లోపల చిన్న మడతకుర్చీ ఉంటుంది. బయట కుక్కరంత ఆవిరి పాత్ర, దాన్నుంచి గూడారంలోకి ఒక గొట్టం. కుర్చీలో కూర్చుని జిప్పు మెడదాకా లాక్కుంటే తల ఒక్కటే బయటుంటుంది, మిగతా ఒళ్లంతా ఆవిరిలో ఉంటుంది. "ఇంట్లోనే సౌనా" అని టీవీలో ఒకావిడ తెల్లటి తువ్వాలు చుట్టుకుని నవ్వుతుంటే చూసి, తన నడుం నొప్పికని శ్రీనివాస్ తెప్పించాడు. మొగుడి సంగతి వేదవతికి తెలియనిదా! అంతా మూన్నాళ్ల ముచ్చటే. నాలుగో రోజుకి "ఉడకపోస్తుంది" అన్నాడు. ఉడకపొయ్యడానికే గదా అది ఉన్నది, అని ఆమె అనలేదు. అయిదో రోజు నుంచి గూడారం మీద తడి తువ్వాళ్లు ఆరేయడం మొదలైంది.

రెండువేల పదకొండు సెప్టెంబరు అది. సకల జనుల సమ్మె నడుస్తోంది. శ్రీనివాస్‌ది సర్కారు కొలువు, ఆఫీసు బంద్. వేదవతి సరూర్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు, బడి బంద్. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సులు లేవు. గనుల్లో బొగ్గు తియ్యడం లేదు కాబట్టి పొద్దునా మధ్యాహ్నం కరెంటు కోత. తెలంగాణ రావాలని వేదవతికీ ఉంది, మనసారా ఉంది. నల్గొండ దగ్గర పుట్టింటి ఊళ్లో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగిన మనిషి ఆమె. టీచర్లతో కలిసి ఎండలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా నడిచింది కూడా. కానీ ఇంటికొచ్చాక చూస్తే, సమ్మె సరిగ్గా వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. ధర్నా శిబిరం నుంచి శ్రీనివాస్ వెంట అయిదారుగురు వస్తారు, ఉద్యమం గురించి గొంతులు పోయేలా మాట్లాడతారు, మళ్లీ గొంతు తడుపుకోవడానికి చాయ కావాలి. "బడి లేదు గదా, ఖాళీగనే ఉన్నవ్" అంటాడు శ్రీనివాస్, ఎంతో ప్రేమగా. ఆ ఖాళీలోకి ఆరుసార్లు చాయ, రెండుసార్లు ఉప్మా, అత్తగారి కాళ్లకు నూనె, వచ్చినవాళ్ల చెప్పుల మట్టి ఊడ్వడం, అన్నీ పట్టాయి. తనే పట్టలేదు.

ఒకనాడు తువ్వాళ్లు తీసేసి గూడారం దులుపుతుంటే దాని జేబులో చిన్న ఇంగ్లీషు పుస్తకం దొరికింది. శ్రీనివాస్ దాన్ని తెరిచిన పాపాన పోలేదు. మిషన్ని తీసుకెళ్లి తడి బాత్రూంలో పెట్టాడు. ఆవిరి పాత్రను తడినేల మీద పెట్టొద్దని మొదటి పేజీలోనే ఉంది. వేదవతి దాన్ని పొడిగా ఉన్న చిన్నగదిలోకి మార్చి, బియ్యం బస్తా మీద కూర్చుని మిగతాది చదివింది. ముందు ఒక పెద్ద గ్లాసు నీళ్లు తాగమన్నారు. పదిహేను నిమిషాలు దాటొద్దన్నారు. ఖాళీ కడుపుతో కూర్చోవద్దు, నిండా తినీ కూర్చోవద్దు, బీపీ ఉంటే డాక్టరును అడక్కుండా అసలు వద్దు, తల తిరిగినట్టుంటే ఆ క్షణమే జిప్పు తీసెయ్యాలి. అయ్యాక మళ్లీ నీళ్లు తాగి పది నిమిషాలు పడుకోవాలట. పడుకోవాలి! పట్టపగలు పడుకొమ్మని ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, జ్వరమొచ్చినప్పుడు కూడా "గీ పనైనంక పడుకుందువు" అనడమే గానీ. ఎక్కడో కూర్చుని ఎవరో తెలియని మనిషి తన కోసమే రాసిన ఉత్తరంలా అనిపించింది. బ్లాక్‌బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాలతో అన్నిటినీ తెలుగులో రాసి గోడకు అంటించింది. చిట్టచివరి మాట మాత్రం రాస్తూ ఆగింది. తలుపుకి గడియ పెట్టకూడదు. పిలిస్తే వినపడేంత దూరంలో ఒక మనిషి ఉండాలి.

మొదటిరోజు గడియ పెట్టలేదు. పావుగంటలో నాలుగుసార్లు తలుపు తెరుచుకుంది. శ్రీనివాస్‌కి కత్తెర కావాలి. అండాలమ్మకి షుగర్ గోలీ కావాలి. మళ్లీ శ్రీనివాస్, కత్తెర అక్కడ లేదని. ఒళ్లంతా గూడారంలో దాగి తల ఒక్కటే బయటున్నా, ఆ తలకే పనులు చెప్పారు. నాలుగోసారి శ్రీనివాస్ దోస్తు ఒకాయన బాత్రూం అనుకుని తలుపు తోసి, బస్తాల మధ్య మనిషి తలకాయ చూసి కేకపెట్టాడు. ఇక ఇల్లంతా నవ్వులు. అదిగో, అప్పుడు పుట్టింది అత్తగారి హుకుం. ఆడమనిషి ఒళ్లు తడుపుకునేటప్పుడు గడియ ఉండాల్సిందే, తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి. వేదవతికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గడియ తీస్తే నెమ్మది లేదు. గడియ పెడితే భద్రం లేదు. రెండిట్లో ఆమె నెమ్మదినే కోరుకుంది. అంత కరువులో ఉంది మరి.

ఆ రోజు శనివారం. ఆమెకు ఒక్కపొద్దు. రాత్రికి గానీ ఏమీ తినదు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక తను కూర్చుని తినే పావుగంట ఒక్కటే రోజు మొత్తంలో ఆమెది. ఒక్కపొద్దు నాడు అదీ మిగులుతుంది. ఆ మిగిలిన పావుగంటనే ఆవిరికి ఇచ్చుకుంది. ఖాళీ కడుపు మాట గోడ మీద తన చేత్తో రాసిందే. అయినా తన కడుపు ఖాళీ ఎవరికి లెక్క, ఆమెకే లెక్క లేదు. నీళ్ల గ్లాసు వంటింటి గట్టు మీదే మర్చిపోయింది.

జిప్పు లాక్కుంది. ఆవిరి మొదట పాదాలను పట్టుకుంది, తర్వాత పిక్కలను, తర్వాత నడుమును. కళ్లు మూతపడ్డాయి. హాల్లో వాదనలు, టీవీలో అరుపులు ఎక్కడో ఏటి అవతల ఉన్నట్టు పలచబడ్డాయి. ఆ వెచ్చదనంలో ఊరి బండ గుర్తొచ్చింది. పగలంతా ఎండ తాగిన నల్లటి బండ, పొద్దుగూకాక కూడా వెచ్చగా ఉండేది. తొమ్మిదేళ్ల వేదవతి దానిమీద బోర్లా పడుకుని చెంప ఆనించేది. బండలోంచి వేడి మెల్లగా కడుపులోకి, ఎముకల్లోకి పాకేది. కింద నుంచి అమ్మ "వేదా, ఓ వేదా" అని పిలుస్తూనే ఉండేది. పలకబుద్ధయితే పలికేది, లేకపోతే లేదు. పిలుపు ఆకాశంలో తిరిగి తిరిగి అలసిపోయేది. పలకకుండా ఉండటంలో ఎంత సుఖముందో! ఆ పిల్ల ఇప్పుడు ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు, ఎవరి టీచరమ్మా కాదు. వట్టి ఒళ్లు, వట్టి వెచ్చదనం. భుజాలు ఉన్నాయని, వాటికి ఇన్నేళ్లుగా నొప్పి ఉందని, అది ఇప్పుడు కరుగుతోందని తెలిసింది. నా ఒళ్లే ఇది, నాదే, అనుకుంది.

నడుమ కరెంటు పోయింది. టీవీ నోరు మూసుకుంది. గొట్టం బుసలు ఆగాయి. లేవాలనుకుంది గానీ, బండ మీద నుంచి ఎవరు లేస్తారు? వెచ్చగా మగత కమ్మింది. కరెంటు ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియదు. వచ్చీరాగానే మిషన్ మొదటి ఎనిమిది నిమిషాలనూ మర్చిపోయి మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. కళ్లు తెరిచేసరికి బియ్యం బస్తాలు మెల్లగా తిరుగుతున్నాయి. నాలుక పిడచ కట్టింది. చెవుల్లో హోరు.

"ఇగో..." అని పిలిచింది. గొంతు తనది కాదన్నట్టుంది. "ఇగో, జర రాండ్రి. ఇనవడ్తుందా?"

వినపడింది. ఆమె బతుకులో మర్చిపోలేనిది అదే, వినపడకపోయుంటే అంత బాధ ఉండేది కాదు. తలుపవతల నుంచి శ్రీనివాస్ హుషారుగా పలికాడు. "ఆ, వేదా! అయిపాయెనా? జల్ది రా, సార్లొచ్చిండ్రు. ఎనిమిది చాయలు పెట్టు."

అడుగుల చప్పుడు దూరమైంది. మాట వచ్చేసింది గానీ మనిషి ఆగలేదు. భార్య పిలిచింది కాబట్టి భార్య దొరికింది, దొరికింది కాబట్టి పని చెప్పాడు. అంతే, అందులో ఆయనకు ఏ పాపమూ తెలియదు.

"వేదవతి గారూ! ఏమైందండీ? గొంతు అలా ఉందేంటి?" కిటికీ అవతల నుంచి ఇంకో గొంతు. వెనక పోర్షన్లో అద్దెకుంటున్న ఉదయలక్ష్మి, గుంటూరు వైపు మనిషి. గోడవతల బట్టలు ఉతుక్కుంటోంది, ఈ గూడారం సంగతి ఆమెకు తెలుసు. "కళ్లు తిరుగుతున్నాయా? లేవద్దు, లేవద్దు. ముందు జిప్పు తీసెయ్యండి. తీశారా? ఆ, అలాగే కిందికి జారి కూర్చోండి. ప్లగ్గు ముట్టుకోకండి తడి చేత్తో. పాక్కుంటూ వచ్చి గడియ ఒక్కటి తీసి పెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటానండీ."

ఆ గొంతు పట్టుకుని వేదవతి పాకింది. తువ్వాలు చుట్టుకుని, గడియ తీసి, చల్లటి గచ్చు మీద చెంప ఆనించింది. వెనక తలుపు గుండా ఉదయలక్ష్మి పరుగున వచ్చి స్విచ్చి ఆపేసి, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు గుక్క గుక్కగా తాగించింది, కాళ్లకింద బియ్యం సంచి పెట్టి ఎత్తు చేసింది. అప్పటికి గానీ శ్రీనివాస్ రాలేదు, చాయ ఇంకా రాలేదేమని.

"గిందుకే చెప్తున్న, నీకెందుకు గివన్ని?" అన్నాడు కంగారుపడి. కంగారులో కోపం, కోపంలో భయం, నిజమే, భయపడ్డాడు పాపం. "రేపే అటక మీద పడేస్త దీన్ని."

"ఒక్కపొద్దు నాడు సుఖం కోరితె గిట్లనే అయితది," అంది అండాలమ్మ.

పడుకుని పైకి చూస్తూ వేదవతి ఆలోచించింది. తప్పు ఆవిరిది కాదు. తిననిది తను, నీళ్లు తాగనిది తను, గడియ పెట్టింది తను. ఆ మూడూ తను దిద్దుకోగలదు. నాలుగోది, పిలిస్తే వచ్చే మనిషి లేకపోవడం, ఒక్కతే దిద్దుకోలేనిది. రాత్రి అన్నాలయ్యాక మొగుణ్ని మెల్లగానే అడిగింది.

"వారానికి ఒక్క పావుగంట. తలుపు బయట కుర్చేసుకుని కూసుంటరా? నేను పిలిస్తె పలకాలె, ఎవ్వర్నీ రానియ్యద్దు. గంతే."

శ్రీనివాస్ పకపకా నవ్వాడు. "నన్ను కావలి కూసోమంటవా? మంది సూస్తె ఏమనుకుంటరే? అయినా నువ్ గిన్నేండ్లు గిది లేకుంట బతకలేదా?"

బతికింది. అదే కదా ఆమె చెప్పబోయింది. పొద్దున్నే లేచి గూడారం మడిచింది, పాత్ర ఆరబెట్టి గొట్టం చుట్టింది, గోడ మీది కాగితం ఊడదీసింది. అన్నీ చంకన పెట్టుకుని వెనక పోర్షన్ తలుపు తట్టింది.

ఉదయలక్ష్మి తలుపు సగమే తీసింది. "మా ఇంట్లోనా? మీవారు ఏమన్నా అనుకుంటారేమోనండీ. అసలే రోజులు బాగోలేవు. మొన్న మా ఆయన్ని బజార్లో ఎవరో 'మీరెప్పుడు పోతున్రు' అని అడిగారట."

"రాష్ట్రం సంగతి సర్కారోళ్లు తేల్చుకుంటరు," అంది వేదవతి. "నా పావుగంట సంగతి నేను తేల్చుకుంటున్న. నేను లోపలున్నప్పుడు మీరు బయట కూసోండ్రి. మీరు లోపలున్నప్పుడు నేను కూసుంట. మీకు బీపీ అన్నరు గదా, డాక్టరును అడిగినంకనే. కాయిదంల రాసుంది సూడుండ్రి."

ఉదయలక్ష్మి కాగితం తీసుకుని గుమ్మంలోనే నిలబడి చివరిదాకా చదివింది. తలుపు పూర్తిగా తీసింది.

మర్నాడు డాక్టరు సరేనన్నాడు, పది నిమిషాలు మించకుండా. తర్వాతి శనివారం వేదవతి పొద్దున్నే ఇడ్లీలు తింది, అత్తగారు చూస్తుండగానే. మూడింటికి తన వంతు పావుగంట అయింది, నీళ్లు తాగి పడుకోవడమూ అయింది. ఇప్పుడు ఉదయలక్ష్మి వంతు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆమె ఏదో కూనిరాగం తీస్తోంది. వేదవతి బయట ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో గడియారం పెట్టుకుని కూర్చుంది. ఒళ్లు దూదిలా తేలిపోతోంది.

"వేదా!" గోడవతల నుంచి శ్రీనివాస్ కేక. "నా నల్ల బ్యాడ్జి ఏడ పెట్టినవ్? ర్యాలీకి టైమయితుంది, జల్ది రా!"

కాళ్లు అలవాటుగా లేవబోయాయి. లోపల కూనిరాగం ఆగింది. "వెళ్లాలాండీ?" అని ఉదయలక్ష్మి గొంతు.

వేదవతి కుర్చీలో ఇంకాస్త వెనక్కి ఆనుకుంది.

"ఎతుక్కోండ్రి," అని అరిచింది గోడవతలికి, కాలనీ అంతా వినపడేలా. "నేనీడ డ్యూటీల ఉన్న. ఇంక ఆరు నిమిషాలున్నయ్."