పసుపు చెరిగిన రోజు

కాశిబుగ్గలో ఆ గల్లీకి పొద్దు మొగిలమ్మ చేట చప్పుడుతోనే మొదలయ్యేది. ఇంటి ముందు అరుగు మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, నాలుగిళ్ల బియ్యం, పప్పులు చెరిగి పెట్టేది. అదే ఆమె పని. చెరిగితే పొట్టు ఎవరి చేటలోంచైనా ఎగిరిపోతుంది. మొగిలమ్మ చేటలోంచి మాత్రం, తిండిలో ఎవరైనా కావాలని కలిపింది కూడా లేచేది. లేచి, ఏ చెయ్యి కలిపిందో ఆ చేతి దగ్గరికే తిరిగిపోయేది. బియ్యంలోని తెల్లరాళ్లు తూనీగల్లాగా రోడ్డు దాటి, అంగడి రేకు తలుపుకు టపటపా తగిలేవి. ఆమె తల్లి చేట కూడా అంతే. మొగిలమ్మ చెరిగే వేళకు కిరాణా కొట్లవాళ్లు ముందున్న గోనెపట్టా దించుకునేవాళ్లు, వాన కురిస్తే గొడుగు విప్పినట్టు. కురిసి వెలిశాక మళ్లీ ఎత్తుకునేవాళ్లు. మొగిలమ్మ ఎవరినీ ఏమీ అనేది కాదు. శేరుకు నాలుగు రాళ్లు లేకుండా బేరమేముంటది అని నవ్వి ఊరుకునేది.

ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆమె మొగుడు సారయ్య చేతులు వాలిపోయాయి.

సారయ్య జంపఖానాలు నేసేవాడు. మొదట కడుపునొప్పి వచ్చింది. మెలిపెట్టినట్టు వచ్చి, రెండు రోజులుండి పోయేది. మూడు నెలలు అలాగే గడిచాక ఒక పొద్దున మగ్గం మీద దారం నడిపే నాడె జారి కింద పడింది. తీసి పట్టుకుంటే మళ్లీ జారింది. చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. మణికట్ల దగ్గర రెండూ మెడ విరిచిన కోడి తలల్లా వేలాడుతున్నాయి.

"పట్టుకుంటాన్న గనీ లేపరాస్తలేదే," అన్నాడు. చిన్నపిల్లవాడిలా కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు.

పక్షవాతమన్నారు. గాలి సోకిందన్నారు. నూనె మర్దన చేయించారు. చివరికి మొగిలమ్మ అతన్ని రిక్షాలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ అరుణ అని కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. ఆమె సారయ్య చేతుల కంటే ముందు అతని పెదవి పైకి లాగి చిగుళ్లు చూసింది. పళ్ల మొదట్లో నీలంగా సన్నని గీత ఉంది.

"బ్యాటరీల పని చేస్తవా? రంగుల పనా? ప్రింటింగ్ ప్రెస్సా?"

"మగ్గం తప్ప ఆయనకేం తెల్వదు డాక్టరమ్మా," అంది మొగిలమ్మ.

"సీసం చేరింది ఒంట్లో. ఎక్కడి నుంచో లోపలికి పోతున్నది. రోజూ ఏం తింటరు?"

"మేమేం తింటమమ్మా. బువ్వ, పప్పు, పుంటికూర. ఉప్పు, కారం, పసుపు. అందరు తినేదే. నేను తింటలేనా?"

"ఈయన ఒక్కడే తీసుకునేది ఏమన్నా ఉందా? బాగా గుర్తు చేసుకోండి."

మొగిలమ్మ ఆలోచించింది. "కడుపునొప్పికని మజ్జిగల పసుపు కలిపి తాపుతాన్న. మూడు నెలల సంది, రోజుకు రెండుమాట్ల."

"ఆ పసుపు ఏ రంగులో ఉంటది?"

"మంచిగ ఉంటదమ్మా. బంగారం లెక్క పచ్చగ."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. అసలు పసుపు అంత పచ్చగా ఉండదని, కొందరు కొమ్ములకు మెరుపు రావడానికి తలుపులకు వేసే పచ్చరంగు పూస్తారని, అందులో సీసం ఉంటుందని చెప్పింది. గోళీలు రాసిచ్చింది. చేతులు మళ్లీ వస్తాయా అని అడిగితే, కొంత వస్తాయి, ఎంతో చెప్పలేనంది.

ఇంటికి వచ్చేదాకా మొగిలమ్మ అదే తలుచుకుంది. కలిపింది తనే. తాపింది తనే. తాగనంటే ముక్కు పట్టుకుని మరీ పోసింది. రిక్షా దిగుతూనే వంటింట్లోకి పోయి పసుపు డబ్బా తెచ్చింది. ఆమె చేతి మీదుగా ఎన్నో బస్తాల గింజలు పోయాయి గానీ పసుపును ఎన్నడూ చెరగలేదు. పొడిని జల్లిస్తారు తప్ప ఎవరు చెరుగుతారు? పైగా పసుపంటే లక్ష్మి. గాలికి వదలకూడదని తల్లి చెప్పేది.

"లచ్చిమట, లచ్చిమి!" అని డబ్బా చేటలో బోర్లించి చెరిగింది.

పచ్చని పొగ లేచింది. చేటలో సగమే మిగిలింది, అది మట్టి రంగులో ఉంది. పొగ దారంలా సాగి గల్లీ పట్టుకుని పోసాగింది. మొగిలమ్మ చేట చంకలో పెట్టుకుని దాని వెంట నడిచింది.

పసుపు తను కొనేది సారంగపాణి కొట్లో. అతను పొగను చూసి గోనెపట్టా దించబోయాడు. పొగ అతని కొట్టు దాటి ముందుకు పోయింది.

"చూసినవా అక్కా, నేను గాదు!" అని బయటికి వచ్చాడు.

"నీకు తెల్వదా?"

సారంగపాణి తల దించుకున్నాడు. "తెలుసు. ఏం చెయ్యమంటవు? పోయినేడు అసలుది తెచ్చి పెట్టిన. ఒక్కలు కొన్నరా? నువ్వే దోసిట్ల పోసుకొని చూసి, ఇదేందిరా పీనుగ రంగున్నది, పచ్చది లేదా అని పారేసి పోతివి."

నిజమే. అన్నది. చెంప మీద కొట్టినట్టయింది మొగిలమ్మకు. "నేను అడిగింది పచ్చదిరా. సీసం అడగలే!" అని అరిచి, పొగ వెంట ఇంకా జోరుగా నడిచింది.

పొగ మల్లికార్జున్ సేటు పసుపు మిల్లులోకి పోయింది. పండుగలకు నూరు మందికి అన్నం పెట్టించే పెద్దమనిషి ఆయన. గద్దె మీద తెల్లబట్టలతో కూర్చుని ఉన్నాడు. పొగ ఆయన్ని తాకను కూడా తాకలేదు. పక్కనుంచి వెనక షెడ్డులోకి పోయింది. అక్కడ ఆడవాళ్లు ఇనుప పీపాల్లో పసుపు కొమ్ములు పోసి తిప్పుతున్నారు. వాళ్లల్లో బక్కమ్మ అనే మనిషి ఉంది, వర్ధన్నపేట నుంచి కూలికి వచ్చింది. పొగంతా పోయి ఆమె రెండు చేతులకూ పట్టుకుంది.

మొగిలమ్మ ఉరికి పోయి ఆమె చెయ్యి దొరకబుచ్చుకుంది. కొట్టడానికి రెండో చెయ్యి ఎత్తింది. పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి ఉంది. మొగిలమ్మ దాన్ని ఎరుగును. పొద్దున అలాంటి చేతులతో ఉన్న సారయ్యకే అన్నం కలిపి తినిపించి వచ్చింది.

"రెండు నెలల సంది గిట్లనే ఉన్నయక్కా," అంది బక్కమ్మ భయంగా. "సబ్బు పెట్టి తోముతె రంగు పోతాంది గనీ, చేతులు లేస్తలెవ్వు. మెరుపు మందు అని ఇచ్చిండ్రు. పీపల పొయ్యమన్నరు, పోసిన."

అప్పటికి సేటు వచ్చాడు. బక్కమ్మ చేతులు చూశాడు, మొగిలమ్మ చంకలో చేట చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది.

"చూసిండ్రా, చూసిండ్రా!" అని గొంతెత్తాడు. "నా ఉప్పు తిని నా పేరు చెడగొడతాంది. మొగిలమ్మ చేట అబద్ధమాడదు గదా! పోలీసోళ్లను పిలువుండ్రి!"

 మొగిలమ్మకు వచ్చిన కోపం సేటు మీద కాదు, చేట మీద. దాన్ని నేలకేసి కొట్టింది. "పోసిన చెయ్యి కనవడ్డది గనీ, పొయ్యమన్న నోరు కనవడలేదా నీకు?" చేట ఒక అంచు విరిగింది. సేటు నవ్వాడు. ఆ నవ్వు ఆమెను నిలబెట్టింది.

"చెల్లె, ఆ మందు ఏడ పెడ్తరు?" అని బక్కమ్మను అడిగింది.

"గా కొట్టుగదిల. తాళంచెవి సేటు మొలకే ఉంటది. ఆయనే డబ్బ తెస్తడు, ఆయనే కొట్ల పెడ్తడు. మాకు ఒక్కొక్కటి తీసిస్తడు."

"అంటె లోపటున్న డబ్బల మీద నీ చెయ్యి పడలే."

"పడలేదక్కా."

"ఏం డబ్బలు? ఏ డబ్బలు లెవ్వు!" అన్నాడు సేటు. మొలలో తాళంచెవి గట్టిగా పట్టుకున్నాడు.

షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. పూలమ్మ అనే ఆమె పీపా వదిలి లేచింది. ఆమెకు ఆ మిల్లులో చేరినప్పటి నుంచి రెండు కడుపులు నిలవలేదు. మొగిలమ్మ ఎందుకు అడిగిందో ఆమెకు అర్థమైంది, ఆ డబ్బాలను ముట్టింది సేటు చెయ్యి ఒక్కటే. గోడకు ఆనించిన గడ్డపార తీసుకుపోయి తాళం మీద కొట్టింది. మూడో దెబ్బకు ఊడింది. లోపల తలుపులకు వేసే రంగు డబ్బాలు వరసగా ఉన్నాయి.

పూలమ్మ గడ్డపార మొనతో ఒక డబ్బా మూత లేపి, చేటలో వొంపింది. ఎవరి చెయ్యీ లోపల పడలేదు. సీసపు బరువు. మొదటి చెరుగుకు కదలలేదు. రెండోదానికి కదలలేదు. మొగిలమ్మ పళ్లు బిగబట్టి, విరిగిన అంచు అరచేతిలో గుచ్చుకుంటుంటే మూడోసారి చెరిగింది. పొగ లేచింది. బక్కమ్మ తల మీదుగా పోయి సేటు వైపు తిరిగింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకుంటే వెనక్కి పోయింది. జేబుల్లో పెట్టుకుంటే జేబుల్లోకి దూరింది. మోచేతుల దాకా పట్టుకుని నిలిచింది.

ఆ తర్వాత పోలీసులను ఎవరూ పిలవలేదు. మరునాడు కల్తీ చూసే సర్కారు ఆఫీసర్లు మాత్రం వచ్చారు. మూడు సీసాల్లో పసుపు నింపి, లక్క ముద్రలు వేసి పట్టుకుపోయారు. ఏడు నెలలకు కాగితం వచ్చింది, నమూనా చెడిపోయినందున పరీక్ష వీలుకాలేదని. కేసు లేదు. మొగిలమ్మ ఆ కాగితం చదివించుకుని, ముక్కలు చేసి పొయ్యిలో వేసింది.

సేటు చేతుల రంగు మాత్రం పోలేదు. సున్నం, చింతపండు, కిరసనాయిలు అన్నీ అయ్యాయి. పండుగకు ఆయన గరిటె పట్టుకుని వడ్డించబోతే, కూర్చున్నవాళ్లు విస్తళ్లు పక్కకు లాగేసుకున్నారు. కొట్లవాళ్లు ఆయన సరుకు తీసుకోవడం మానేశారు. ఏడాది తిరగకముందే మిల్లు మూతపడింది.

బక్కమ్మను మొగిలమ్మ తన ఇంట్లోనే పెట్టుకుంది. ఆమెనూ సారయ్యనూ వారం వారం దవాఖానకు తీసుకుపోయేది. బక్కమ్మ చేతులు దాదాపు వచ్చాయి. సారయ్యకు ఎడమ చెయ్యి వచ్చింది, కుడిది రాలేదు. ఒక్క చేత్తో జంపఖానా నేయరాదు. మగ్గం అమ్మేశారు.

ఎనభై మూడులో ఒక మధ్యాహ్నం మల్లికార్జున్ సేటు మొగిలమ్మ అరుగు దగ్గరికి వచ్చాడు. చేతులకు బట్ట చుట్టుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బట్ట విప్పి, చేతులు అరుగు మీద ఆనించి చూపించాడు.

"మొగిలమ్మా, జర దీన్ని చెరిగి తీసెయ్యి. నీ కాళ్లు మొక్కుత."

సారయ్య మెత్తటి మనిషి. "చూడరాదే," అని గొణిగాడు.

"ఏం చూడాలె?" మొగిలమ్మ గొంతు గల్లీ చివరి దాకా వినబడింది. "ఏ చేతిదో ఆ చేతికే పోయేటట్టు చెరుగుత నేను. అది పోవాల్సిన కాడికే పోయింది. ఇంక ఏడికి పొమ్మంటవు?"

 ఆయన బట్ట మళ్లీ చుట్టుకోబోయాడు. చుట్టుకోవడం అయింది గానీ ముడి పడలేదు. మళ్లీ ప్రయత్నించాడు. బట్ట జారి కింద పడింది. అప్పుడు చూశారు ముగ్గురూ, ఆయన రెండు చేతులూ మణికట్ల దగ్గర వాలిపోయి ఉన్నాయి.

బక్కమ్మ లేవలేదు. సారయ్య లేవబోతే మొగిలమ్మ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. కింద పడిన బట్ట వైపు చూసింది.

"దవాఖాన్ల అరుణ డాక్టరమ్మ ఉంటది," అంది. "పొద్దుగాల్నే పోయి లైన్ల నిలవడు. మేం గట్లనే నిలవడ్డం."