గుర్వమ్మ మెచ్చిన తోలు కోటు

మక్తల్ పశువుల దవాఖానలో ఐలేశం పని, ఊరూరూ తిరిగి గొర్లకు, మేకలకు సూదులు వేయడం. చాలాకాలం సైకిలు మీదే తిరిగాడు. ఆ ఏడు ఎవరో వాడి వదిలేసిన పాత ఫట్‌ఫటి మోటారు సైకిలు ఒకటి పట్నం నుంచి తెచ్చుకున్నాడు. దాని చప్పుడు ఊరి బయట ఉండగానే భార్య గుర్వమ్మకు వినిపించేది. పెనం మీద జొన్నరొట్టె తిరగేసేలోగా మొగుడు వాకిట్లో దిగేవాడు. "ఊరంత దద్దరిల్లుతాంది నీ బండికి" అని కసిరేది గానీ, ఆ చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చునేది కూడా ఆమే.

ఒక సాయంత్రం చప్పుడు రాలేదు, మనిషి వచ్చాడు. బండిని నెట్టుకుంటూ, కుంటుకుంటూ. కుడిచేతి చొక్కా పేలికలై వేలాడుతోంది. మలుపులో మేకల మంద అడ్డం వచ్చిందట. తప్పించబోయి మొరం మీద జారిపడ్డాడు. మోచేయి, భుజం, నడుము పక్కన తోలు లేచిపోయి ఎర్రగా కనబడుతున్నాయి.

"మేకలకేం గాలేదు," అన్నాడు, అంతకన్నా మంచి కబురు లేనట్టు.

గుర్వమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, వేణ్ణీళ్లతో కడిగి, దబ్బనంతో మొరం పలుకులు ఒక్కొక్కటే తీసింది. ఐలేశం కేకలు పెట్టాడు.

"లోకానికంత సూదులేస్తవు, నీకు సూదంటే గింత భయమా?" అంది. అంటుండగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, "గా మిల్ట్రీ వాళ్లు తొడుక్కుంటరు సూడు, తోలు కోటు. అసొంటిది కొనేదాంక నువ్వు బండి ముట్టద్దు," అంది.

"మన ఎండల్ల తోలు కోటా! ఉడికిపోత."

"ఉడికితె ఉడుకు. చెక్కుకపోయేకంటె నయమే."

పుండ్లు మానాక ఇద్దరూ బస్సెక్కి హైదరాబాదు వెళ్లారు. పాతబట్టలమ్మే గల్లీలో ఒక ముసలాయన కొట్టు నిండా కోట్లు వేలాడుతున్నాయి. ఐలేశం చూపు నేరుగా ఒక నల్లకోటు మీద పడింది. నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. తొడుక్కుని అద్దం ముందు నిలబడి, జుట్టు సర్దుకున్నాడు. గుర్వమ్మకు నవ్వొచ్చింది. నిజంగానే బాగున్నాడు. పెళ్లినాడు తలపాగాతో కూడా ఇంత బాగా లేడు.

"గా పీట మీద కూసో," అంది.

"ఎందుకు?"

"బండి మీద నిలబడి పోతవా ఏంది? కూసొని చేతులు ముంగటికి చాపు."

కూర్చుని చేతులు చాపాడు. కోటు చేతులు పైకి లాక్కుపోయి మణికట్లు బయటపడ్డాయి. వెనకాల కోటు నడుము మీదికి ఎగబాకింది. గుర్వమ్మకు కోట్ల సంగతి తెలియదు. తెలిసినదల్లా ఆ ఒంటి మీద ఎక్కడెక్కడ గాయాలయ్యాయో అంతే. మోచేయి పట్టి చూసింది, భుజం నొక్కింది, నడుము పక్కన చెయ్యి పెట్టింది. అక్కడ కోటు తోలు పలచగా, లోపలి ఎముక తగిలేట్టుగా ఉంది.

"ఒద్దు," అంది.

ఐలేశం అద్దంలోకి ఇంకోసారి చూసుకుని, మనసొప్పక విప్పాడు.

ముసలాయన నవ్వి, లోపలి నుంచి ఒక మట్టిరంగు కోటు తెచ్చాడు. దున్నపోతు చర్మమంత దళసరి. పొడుగు చేతులు, లోపల ఉన్ని అస్తరు. కూర్చున్నా నడుము దాటి కిందికే ఉంది. కానీ కుడి మోచేతి మీద ఒక మాసిక కనిపించి గుర్వమ్మ చెయ్యి ఆగిపోయింది.

"సాబ్, గీ కోటు తొడుక్కున్నాయన ఏమైండు?" అంది మెల్లగా.

ముసలాయనకు అర్థమైంది. "ఫికర్ జెయ్యకు బేటీ. ఆయన మంచిగున్నడు. పెండ్లైనంక పొట్ట పెరిగి గుండీలు పడుతలేవని ఇచ్చిపోయిండు."

నిజమో, తన కోసం అల్లిన మాటో ఆమెకు తెలియదు. అయినా గుండెల మీది బరువు దిగిపోయి పకపకా నవ్వింది. ఆ కోటే తీసుకున్నారు.

ఆ తర్వాత ప్రతి పొద్దునా ఐలేశం గుండీలన్నీ పెట్టుకునే బండెక్కేవాడు. గుర్వమ్మ నిశ్చింతగా తన పని చూసుకునేది. కొన్నాళ్లకు మజ్జిగమ్మే బిక్షమ్మ మాటల్లో అనేసింది: "నీ మొగడు వాగు దాటంగనే కోటిప్పి వెనక కట్టుకుంటడే. మల్ల ఊరు కనబడంగనే తొడుగుతడు."

గుర్వమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. మర్నాడు అతను బండి తీయగానే కొంగు బిగించి వెనకెక్కి కూర్చుంది.

"యాడికి?" అన్నాడు బిత్తరపోయి.

"నువ్వు పోయేకాడికే."

వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లోకొచ్చి చూశారు. బండి వాగు దాటింది, ఆగలేదు. తన సంగతి ఆమెకు తెలిసిపోయిందని ఐలేశానికి అర్థమైంది. ఎండ ముదిరింది. అతని వీపుకు ఆనించిన ఆమె చెంపకు కోటు నిప్పులాగా తగులుతోంది. గొర్ల దొడ్డి దగ్గర దిగి కోటు విప్పితే, లోపలి చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. మెడ మీద చెమటకాయలు పేలి ఉన్నాయి.

"గింత కష్టమైతె నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మెచ్చి కొన్నవు గద," అన్నాడు తల వంచుకుని. "నీ మనసు కష్టపెట్టుడెందుకని."

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. కొంగుతో అతని మెడ తుడిచింది.

ఇంటికొచ్చి కోటును ఒళ్లో వేసుకుని, అస్తరు కుట్లన్నీ విప్పేసింది. ఆ ఉన్ని మన ఎండలకు పుట్టింది కాదు. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర మాత్రం పాత గొంగడి ముక్కలు మడతపెట్టి కుట్టింది. చంకల కింద గాలాడేట్టు తోలు చీల్చమని ఐలేశమే చెప్పాడు. ఆమె పట్టుకుంది, అతను కోశాడు. తొడిగి చూస్తే బరువు సగమైంది. ఈసారి వాగు దాటినా కోటు ఒంటి మీదే ఉందని బిక్షమ్మే వచ్చి చెప్పింది.

వానలు మొదలయ్యాక గుర్వమ్మ తమ్ముడికి కొడుకు పుట్టాడని కృష్ణ ఒడ్డున ఉన్న తల్లిగారి ఊరి నుంచి కబురొచ్చింది. బండి మీదే పోదామనుకున్నారు. ఆమె ఎక్కబోతుంటే ఐలేశం కోటు విప్పి ఆమెకు తొడిగాడు. చీర మీద అది మోకాళ్ల దాకా వచ్చింది.

"మరి నీకు?"

"రోడ్డంత బురద. మెల్లగ పోత."

అన్నట్టే మెల్లగా పోయాడు. ఎంత మెల్లగా అంటే, ఖాళీగా తిరిగి పోతున్న ఒక ఎడ్లబండి వాళ్లను దాటిపోయింది. బండాయన వెనక్కి తిరిగి చూసి, చెయ్యి ఊపాడు. గుర్వమ్మ కోటు పొడుగు చేతిలోంచి వేళ్లు బయటికి తీసి తనూ ఊపింది.